పాత పటాలపు రైఫిళ్లు: దత్తమండలంలో సేకరణ, విలువ కట్టడం

సైన్యమో పోలీసులో కొన్నాళ్లు వాడి, కొత్త రకం రాగానే పక్కన పెట్టేసిన తుపాకులను పాత పటాలపు రైఫిళ్లు అంటాం. అమెరికాలో ఇవి మిగులు సరుకుగా అంగళ్లలోకి వస్తాయి. అభిరుచి ఉన్నవాళ్లు కొంటారు, మీద ముద్రలు చదువుతారు, గొట్టం పరీక్షిస్తారు, గోడకు తగిలించుకుంటారు. శ్రీ సత్యసాయి జిల్లా కనగానపల్లిలో గానీ, చుట్టుపక్కల ధర్మవరం, పెనుకొండ, హిందూపురాల్లో గానీ అలాంటి అంగడి లేదు. ఇక్కడ ఏ ఇంట్లోనైనా పాత తుపాకి ఉందంటే అది తాతల నుంచి లైసెన్సుతో దిగివచ్చిందై ఉండాలి, కాదంటే ఆ ఇంట్లో ఉండకూడనిదై ఉండాలి.

అందువల్ల ఈ సీమలో తుపాకులు పోగుచేసినవాళ్లెవరని వెతికితే మొదట ఎదురయ్యేది సర్కారే. 1800 తర్వాత పాలెగాళ్ల దగ్గర తుపాకులు లాక్కున్నది సర్కారు. 1878లో చట్టం తెచ్చి మిగిలినవాటికి లెక్క కట్టింది సర్కారు. నేటికీ ఎన్నికలు వచ్చాయంటే లైసెన్సుదారులు తమ తుపాకిని స్టేషన్లో అప్పగించి రసీదు తీసుకుంటారు. రెండు వందల ఏళ్ల ఈ పోగు ఇప్పుడు మ్యూజియాల అద్దాల బీరువాల్లో కొంత, పోలీసు ఆయుధాగారాల్లో కొంత ఉంది. ఇంకొంత కొలిమిలో కరిగిపోయింది.

మాటలు

తుపాకి అనే మాట తురుష్క, పారశీక భాషల దారిన మనకు చేరింది. హిందూపురం, మడకశిర వైపు కన్నడం మాట్లాడే ఇళ్లలో ‘కోవి’ అంటారు. పాత తెలుగు నిఘంటువుల్లోనూ ఆ మాట కనిపిస్తుంది. మూతి వైపు నుంచి మందూ గుండూ దట్టించేది భర్మారు. ‘మస్కెట్టు’ అంటే పుస్తకాల్లో గొట్టం లోపల గాళ్లు లేని పొడవాటి పాత తుపాకి. పోలీసుల నోట మాత్రం అది 410 మస్కెట్టే, దాని కథ వేరు. రైఫిల్ అంటే గొట్టం లోపల మెలిక తిరిగిన గాళ్లున్నది. ఆ గాళ్ల వెంట గుండు గిరగిరా తిరుగుతూ బయటపడుతుంది, అందుకే గురి తప్పదు. పల్లెల్లో ఈ తేడా ఎవరూ పాటించరు, పాటించాల్సిన అవసరమూ లేదు. పాత తుపాకిని పరీక్షించేవాడికి మాత్రం మొదటి ప్రశ్న అదే.

పాలెగాళ్ల నుంచి పటాలం దాకా

దక్కనులో చేతి తుపాకి దెబ్బ గట్టిగా కనపడిన పాత సందర్భాల్లో 1520 నాటి రాయచూరు ముట్టడి ఒకటి. కృష్ణదేవరాయల పక్షాన వచ్చిన పోర్చుగీసు తుపాకిదార్లు, క్రిస్టోవావ్ డి ఫిగ్యురెడో నాయకత్వంలో, కోటగోడ మీద తల ఎత్తినవాణ్ని ఎత్తినట్టే కొట్టారు. అది చూశాక తుపాకి ఈ నేల మీద నుంచి పోలేదు. 1565లో విజయనగరం పాడుపడి రాజధాని పెనుకొండకు మారాక, కోటకొక దొర, దొరకొక బలగం అన్న పాలెగాళ్ల కాలం మొదలైంది. వాళ్ల బంట్ల చేతుల్లో ఎక్కువగా ఉన్నవి వత్తి తుపాకులు. నిప్పంటించిన తాడును మీట నొక్కగానే మందుపళ్లెం మీదికి వంచేవి. నింపడం ఆలస్యం, వానొస్తే పనికిరావు. అనంతపురం సీమలో వాన ఎప్పుడో గానీ రాదు కాబట్టి ఇవి మరికొంతకాలం నడిచాయేమో.

1776లో మరాఠా దొర మురారిరావు నుంచి గుత్తి కోట హైదరాలీ చేతికి పోయింది. ఈ ప్రాంతమంతా మైసూరు పాలనలోకి వచ్చింది. హైదరు కొడుకు టిప్పు శ్రీరంగపట్నంలో చెకుముకిరాయి తుపాకులు చేయించాడు. గొట్టం మీద పులిచారల నగిషీ ఉంటుంది, తేదీ ఆయన సొంత మౌలూదీ శకంలో ఉంటుంది. అంకెలను కుడి నుంచి ఎడమకు చదవాలి. అది తెలియక ఎడమ నుంచి చదివి అర్థంకాని ఏడాది లెక్కగట్టినవాళ్లు ఉన్నారు. 1799 మే 4న శ్రీరంగపట్నం పడ్డాక ఆ తుపాకుల్లో మంచివి దోపిడీ వాటాలుగా ఇంగ్లండు చేరాయి.

టిప్పు భూముల్లో తన వాటాగా వచ్చిన బళ్లారి, అనంతపురం, కడప సీమల్ని నిజాం 1800 అక్టోబరులో ఈస్టిండియా కంపెనీకి దత్తం చేశాడు. దత్తమండలం అన్న పేరు అక్కణ్నుంచే. ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రోకు ఎదురైనవాళ్లు సుమారు 80 మంది పాలెగాళ్లు, వాళ్ల వెనక వేలాది సాయుధ బంట్లు. మన్రో పన్ను లెక్కలు ఎంత ఓపిగ్గా కట్టాడో, ఆయుధాలు లాక్కోవడంలో అంత తొందరపడ్డాడు. 1807లో ఆయన వెళ్లేనాటికి పాలెగాళ్లలో కొందరు పింఛనుదార్లయ్యారు, కొందరు దేశం విడిచారు. ఆయన రైత్వారీ పన్ను పద్ధతి గురించి పుస్తకాలకు పుస్తకాలున్నాయి. ఈ నిరాయుధీకరణ గురించి మాత్రం మనవాళ్లు రాసింది తక్కువ. పాలెగాళ్ల తుపాకులు ఈనాడు ఈ జిల్లాల్లో ఎందుకంత అరుదో తెలియాలంటే అక్కడికే వెళ్లాలి. బలగాలు పోయినా, మాన్యాల మీద బతికిన కట్టుబడి బంట్ల జ్ఞాపకం పోలేదు. 1846లో కంపెనీ మీద తిరగబడ్డ ఉయ్యాలవాడ నరసింహారెడ్డి వెంట నడిచింది వాళ్లే. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఆయన్ని ఉరితీశారు.

పాలెగాణ్ని అణచినవాడి చేతిలో ఉన్నది కంపెనీ తుపాకి. 39 అంగుళాల గొట్టం, చెకుముకిరాయి, ముప్పావు అంగుళం వెడల్పు మూతి. ఇండియా నమూనా అని పేరు. సిపాయిల కోసం చవగ్గా, సులువుగా చేయించిన రకం ఇది. 1790ల్లో ఫ్రాన్సుతో యుద్ధం ముదిరి తుపాకులు చాలకపోయేసరికి ఇంగ్లండు రాజు సైన్యం కూడా 1797లో దీన్నే తీసుకుంది. ఈ సిపాయిల్ని ఉత్తరాదిన ‘తిలంగాలు’ అనేవారు. తెలుగు తీరంలో భర్తీ అయిన తొలి సిపాయిల వల్ల మన జాతి పేరు అక్కడ వాళ్ల ఉద్యోగం పేరైపోయింది. ఇవాళ ఎక్కడైనా కంపెనీ తుపాకి కనబడితే దాని తాళం పలక మీద చూడాల్సింది కంపెనీ గుర్తు. మొదటి రోజుల్లో నాలుగు భాగాలుగా చీలిన హృదయాకారం, అందులో అక్షరాలు. 1808 తర్వాత వెనక కాళ్ల మీద నిలబడిన సింహం. ఈ ఒక్క తేడాతో తుపాకి వయసు చాలావరకు తేలిపోతుంది.

1857 తర్వాత వచ్చిన మార్పు సేకర్తలను ఎక్కువగా తికమకపెడుతుంది. 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ అప్పటికి మేటి రైఫిల్. దాని తూటాకు పూసిన కొవ్వు మీదే తిరుగుబాటు రగిలిందని ప్రతి పిల్లవాడూ చదువుకున్నాడు. తిరుగుబాటు అణగాక సిపాయిలకు అదే ఎన్‌ఫీల్డ్‌ను లోపలి గాళ్లు తీసేసి, నున్నగా తొలిచి ఇచ్చారు. బయటికి రైఫిల్, లోపల ఉత్త గొట్టం. గురి చూసే పలకను కూడా సాదాగా మార్చేశారు. అప్పణ్నుంచి ఒక నియమం పాటించినట్టుగా, తెల్లవాడి చేతిలో ఏ రకం ఉంటే నల్లవాడికి దానికి ఒక మెట్టు కిందిది ఇచ్చారు. తెల్ల పటాలానికి మార్టినీ-హెన్రీ వచ్చాక సిపాయికి స్నైడర్. వాళ్లకు లీ రకం బోల్టు రైఫిల్ వచ్చాక మనవాడికి మార్టినీ. ఆ తేడా చెరిగింది 1914లో. ఫ్రాన్సులో మార్సెయిల్స్ రేవులో దిగిన భారత సిపాయిల దగ్గర పాతవి తీసుకుని కొత్త రైఫిళ్లు పంచారు, ఎదురుగా జర్మన్లు ఉన్నారు మరి. పాత జమీందారీ ఇళ్లలో ‘రైఫిల్’ అని చూపించే ఎన్‌ఫీల్డ్ లోపల దీపపు వెలుగులో చూస్తే గాళ్లు ఉండకపోవచ్చు. అది లోపం కాదు, 1858 తర్వాతి అపనమ్మకం గొట్టంలో మిగిల్చిన ఆనవాలు.

త్రీ నాట్ త్రీ

తెలుగునాట పాత రైఫిల్ అనగానే మనసులో మెదిలేది త్రీ నాట్ త్రీ. పేరు అంగుళంలో భిన్నం, 0.303, మన లెక్కలో 7.7 మిల్లీమీటర్లు. తూటా 1888లో వచ్చింది, మొనదేలిన గుండుతో ఏడో మార్కు 1910లో వచ్చింది. రైఫిల్ పొట్టి లీ-ఎన్‌ఫీల్డ్ మూడో మార్కు 1907 నాటిది. పది తూటాలు పట్టే పెట్టె, చేయి అలవాటైతే క్షణాల్లో వెనక్కీ ముందుకీ ఆడే బోల్టు, నాలుగు కిలోల బరువు. బెంగాలులో హుగ్లీ ఒడ్డున ఇషాపూరులో 1904లో రైఫిల్ కర్మాగారం పెట్టాక ఇది మన దేశంలోనే తయారైంది. కానిస్టేబుళ్ల తరాలు దీన్ని మోస్తూనే రిటైరయ్యాయి. ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 జనవరి 26 కవాతుతో దీనికి వీడ్కోలు పలికినప్పుడు, అప్పటిదాకా ఇది నడుస్తోందా అని ఆశ్చర్యపోయినవాళ్లే ఎక్కువ.

ఇషాపూరు రైఫిల్‌ను గుర్తుపట్టడం కష్టం కాదు. బోల్టు పిడి కింద, కర్రా ఇనుమూ కలిసే మెడభాగంలో కుడివైపు కిరీటం, దాని కింద జీ.ఆర్.ఐ. అన్న అక్షరాలు, ఇషాపూరు పేరు, ఏడాది ఉంటాయి. జార్జి రాజూ చక్రవర్తీ అని ఆ అక్షరాలకర్థం. గణతంత్రం వచ్చాక కిరీటం స్థానంలో అశోకుడి సింహాలు వచ్చాయి. తూటాపెట్టె ముందు కర్రకు అడ్డంగా ఒక మర కనిపిస్తే అది మన దేశపు మరమ్మతు. ఎండకు కర్ర ఎండి, కుంచించుకుపోయి, కాల్చిన ప్రతిసారీ తగిలే దెబ్బకు చీలకుండా బిగించింది. ముందుభాగమంతా రాగి తీగ చుట్టి ఉంటే అది గ్రెనేడు విసరడానికి వాడిన రైఫిల్. కర్ర చిట్లకుండా ఆ కట్టు.

దీని బంధువులు రెండున్నాయి. ఒకటి పోలీసుల 410 మస్కెట్టు. త్రీ నాట్ త్రీ గొట్టాన్ని నున్నగా తొలిచి, ఒక్కొక్క తూటా మాత్రమే పట్టేలా మార్చి కాపలాకు ఇచ్చారు. ఇది కూడా 1858 నాటి బుద్ధే. తుపాకి వెళ్లి తప్పుడు చేతుల్లో పడ్డా దూరం కొట్టదు. రెండోది 315 స్పోర్టింగ్ రైఫిల్. సైన్యం వాడే తూటా జనం చేతికి చిక్కకూడదని త్రీ నాట్ త్రీని సర్కారు నిషేధించడంతో, వేటగాళ్ల కోసం 8 మిల్లీమీటర్ల వేరే తూటాతో అలాంటి రైఫిలే తయారైంది. ఇదే కారణంగా 1907లో 450 కొలత తూటాలనూ ఇండియాలోకి రానీయకపోతే, ఇంగ్లండు తుపాకి కంపెనీలు పట్టుబట్టి 465, 470, 475 అంటూ కొత్త కొలతలు పుట్టించాయి. ఒక నిషేధం ప్రపంచపు వేట రైఫిళ్ల జాబితానే మార్చేసింది.

చైనాతో యుద్ధం తర్వాత ఇషాపూరు అదే పాత ఆకారంలో గట్టి ఉక్కుతో 7.62 మిల్లీమీటర్ల తూటాకు రైఫిల్ చేసింది. 2ఏ, 2ఏ1 అని పేర్లు. పెట్టె నలుచదరంగా ఉండి 12 తూటాలు పడుతుంది. 2ఏ మీద గురిపలక 2000 దాకా చూపిస్తే, 2ఏ1 మీద 800 మీటర్లతో సరిపెట్టారు. రెండు వేల మీటర్ల దూరంలో మనిషిని కొడతామన్న భ్రమ ఇన్నాళ్లకు వదిలింది. ప్రపంచంలో సైన్యం కోసం కొత్తగా రూపుదిద్దిన చివరి బోల్టు రైఫిళ్లలో ఇదొకటి. మన కాలేజీల ఎన్‌సీసీ కుర్రాళ్లు కవాతులో భుజాన మోసేవి మాత్రం కాల్చడానికి పనికిరానివి. తూటా గది గోడకు రంధ్రం తొలిచి, కర్ర మీద డీపీ, అంటే డ్రిల్లుకే అని గుద్ది ఉంటాయి.

అడిగి తీసుకున్నవీ లాక్కున్నవీ

తెలుగువాళ్ల చరిత్రలో పోలీసు తుపాకుల పద్దు రాసిన ఘనత అల్లూరి సీతారామరాజుది. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి స్టేషన్ల మీద పడి మొత్తం 26 తుపాకులు పట్టుకెళ్లాడు. చింతపల్లిలోనే 11 తుపాకులు, 1390 తూటాలు, 14 బయొనెట్లు, 5 కత్తులు. తీసుకున్నవాటి వివరం స్టేషను పుస్తకంలో రాసి సంతకం పెట్టి మరీ వెళ్లాడు. మ్యూజియం వాళ్లు వస్తువు చేరినప్పుడు చేయాల్సిన పని అదే. అంత కచ్చితమైన పద్దు లేకుండా పడి ఉన్న తుపాకులు మన మ్యూజియాల్లో ఎన్నో. తెలంగాణ సాయుధ పోరాటంలో దళాలు మొదట మోసినవి భర్మార్లు, ఆ తర్వాత శత్రువు దగ్గర లాక్కున్నవి. 1948 సెప్టెంబరు పోలీసు చర్యతో నిజాం సైన్యం ఆయుధాలు కేంద్రం చేతికి పోయాయి. అక్కడా చివరికి పోగుచేసింది సర్కారే.

పరీక్ష

పాత తుపాకిని చేతికి తీసుకోగానే చూడాల్సింది వయసూ కాదు, విలువా కాదు. లోపల మందు ఉందా లేదా అని. బోల్టు రైఫిల్ అయితే బోల్టు వెనక్కి లాగి, తూటా గదిలో వేలు పెట్టి చూడొచ్చు. భర్మార్లతో ఆ వీలు లేదు. ముత్తాత దట్టించి గోడకు తగిలించిన మందు యాభై ఏళ్ల తర్వాత కూడా అంటుకోగలదు. అందుకే సన్నటి కర్ర ఒకటి మూతి నుంచి దిగేంతవరకు దించి, మూతి దగ్గర గుర్తు పెట్టి, బయటికి తీసి గొట్టం పక్కన ఆనించి చూస్తారు. కర్ర చివర మందుకన్నం దాకా చేరితే ఖాళీ. నాలుగు వేళ్ల ముందే ఆగిపోయిందా, లోపల ఏదో కూరుకుని ఉంది. అది మందూ గుండూ కావచ్చు, ఎలుక ఈడ్చుకొచ్చిన గుడ్డపేలికా కావచ్చు. తేల్చుకోవడానికి నిప్పు దగ్గరికి తీసుకెళ్లకూడదు, పోలీసులకు చెప్పాలి.

రెండోది ముద్రలు. లీ-ఎన్‌ఫీల్డ్ మీద ఒకటే నంబరు చాలా చోట్ల పడి ఉంటుంది: గొట్టం మొదట్లో, ఉక్కు శరీరం మీద, బోల్టు పిడి వెనక, ముందు మూతికప్పు మీద, గురిపలక అడుగున. అన్నీ ఒకటే అయితే కర్మాగారం నుంచి బయలుదేరినప్పటి జత చెదరలేదని అర్థం. సేకర్తలు దీనికి పెద్దపీట వేస్తారు. నా దృష్టిలో కలవని నంబర్లు కూడా తీసిపారేయదగ్గవి కావు. బోల్టు ఒక యుద్ధంలో, కర్ర ఇంకో మరమ్మతులో మారిన రైఫిల్ ఎక్కువ దేశాలు తిరిగినది. అయితే వేరే రైఫిల్ బోల్టు పెట్టినప్పుడు ఒక ప్రమాదం ఉంది. తూటా వెనక అంచు ఆనే గట్టుకూ బోల్టు ముఖానికీ మధ్య ఎడం సైనిక కొలత ప్రకారం 0.064 నుంచి 0.074 అంగుళం మధ్యే ఉండాలి. దాటితే కాల్చినప్పుడు తూటా తొడుగు వెనక నుంచి చిరిగి, వేడి వాయువు కాల్చేవాడి ముఖం మీదికి రావొచ్చు. దీన్ని కళ్లతో చూసి చెప్పలేం, బిళ్ల కొలతలు కావాలి.

తర్వాత గొట్టం. కాగితం ముక్క తెల్లగా కనిపించేలా బోల్టు వైపు పెట్టి, మూతి నుంచి చూస్తే లోపలి గాళ్లు మెలిక తిరుగుతూ కనిపించాలి. లీ-ఎన్‌ఫీల్డ్‌లో ఐదు గాళ్లు, ఎడమకు తిరుగుతాయి. తూటా గది దాటిన మొదటి రెండు మూడంగుళాలు నల్లగా, అరిగి ఉంటే అది కార్డైటు పని. ఆ మందు మహా వేడిగా మండుతుంది. గొట్టం మధ్యలో మశూచి మచ్చల్లా గుంటలు కనిపిస్తే కారణం మందు కాదు, దానికి నిప్పంటించే ప్రైమరు. పాత ప్రైమర్లలోని రసాయనం కాలాక ఉప్పులాంటి పదార్థం మిగులుతుంది. అది గాలిలో తడిని లాక్కుని తుప్పు పట్టిస్తుంది. నూనె రాస్తే ఆ ఉప్పు కరగదు, నీళ్లకే కరుగుతుంది. అందుకే కాల్చిన సాయంత్రమే సిపాయి గరాటు పెట్టి మరుగుతున్న నీళ్లు గొట్టంలో పోసేవాడు, ఆ తర్వాతే నూనె. ఆ పనికి బద్ధకించినవాళ్ల గొట్టాలు వందేళ్ల తర్వాత కూడా ఆ సంగతి బయటపెడతాయి. అనంతపురం సీమ గాలిలో తేమ తక్కువ కాబట్టి, విశాఖ తీరపు తుపాకి కంటే ఇక్కడి తుపాకి లోపల శుభ్రంగా ఉండే అవకాశం ఎక్కువ. ఆ పొడిగాలే కర్రకు శత్రువు. చేతిపిడి దగ్గర కర్ర సన్నగా ఉండే చోట వెంట్రుకవాసి చీలికలు వెతకాలి.

చివరిది పైపూత. పాత నల్లటి పూత అరిగి, గోధుమరంగు తిరిగి, చేతులు పట్టిన చోట మెరుస్తూ ఉంటే దాన్ని అలాగే ఉంచాలి. మన దగ్గర జరిగేది దీనికి పూర్తిగా తలకిందులు. దసరా వచ్చిందంటే ఇంట్లోని ఇత్తడి చెంబులతోపాటు తుపాకినీ చింతపండు, బూడిద పెట్టి తోముతారు. పిడికర్రకు కుడివైపు రూపాయంత ఇత్తడి బిళ్ల ఉంటుంది. పటాలం పేరు, నంబరు దానిమీదే సన్నగా చెక్కి ఉంటాయి. నాలుగు దసరాలకు ఆ అక్షరాలు మాయం. దాంతోపాటే ఆ తుపాకి ఏ యుద్ధానికి వెళ్లిందో తెలుసుకునే దారీ మాయం.

దొంగ ముద్రలు

పాకిస్తాన్‌లో అఫ్గాన్ సరిహద్దు వైపున్న దర్రా ఆదంఖేల్ అనే ఊళ్లో ఆకురాయీ సుత్తీ తప్ప పెద్ద యంత్రాలు లేకుండా తరతరాలుగా ఎన్‌ఫీల్డ్, మార్టినీ నకళ్లు చేస్తున్నారు. పనితనం చూస్తే దండం పెట్టాలనిపిస్తుంది. కాల్చాలని మాత్రం అనుకోకూడదు, ఉక్కు నమ్మదగ్గది కాదు. ఇంగ్లీషు చదవడం రాని కమ్మరి ముద్రను బొమ్మలా చూసి గుద్దుతాడు కాబట్టి అక్షరాలు తలకిందులుగానో, అద్దంలో చూసినట్టుగానో పడతాయి. ఇంకో గుర్తు విక్టోరియా రాణి పేరు. ఆమె 1901 జనవరిలో పోయింది. కిరీటం కింద ఆమె అక్షరాలుండి, పక్కన 1907 అనో 1912 అనో ఉంటే ఆ రైఫిల్ అబద్ధమాడుతున్నట్టే.

చట్టం

1878 చట్టం తుపాకికి లైసెన్సు తప్పదని భారతీయులకు చెప్పి, ఐరోపావాళ్లను మినహాయించింది. స్వతంత్రం వచ్చాక 1959లో కొత్త ఆయుధాల చట్టం చేశారు, 1962 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. త్రీ నాట్ త్రీ, 7.62 సైనిక తూటాలు పేల్చగల బోల్టు రైఫిళ్లు, 410 మస్కెట్లు నిషేధిత కోవలో ఉన్నాయి. 2019 సవరణతో ఒక మనిషి దగ్గర మూడు తుపాకులుండే వీలు రెండుకు తగ్గింది, లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లయింది. నిషేధిత ఆయుధం అక్రమంగా దగ్గరుంటే ఏడేళ్లకు తగ్గకుండా పద్నాలుగేళ్ల దాకా శిక్ష. వారసత్వంగా వచ్చిందన్నది ఈ లెక్కకు మినహాయింపు కాదు.

పాత వస్తువులకు చట్టం తలుపు పూర్తిగా మూయలేదు. 45వ సెక్షను ప్రకారం కాలం చెల్లిన, పురావస్తు విలువగల, లేదా మరమ్మతు చేసినా చేయకపోయినా కాల్చడానికి పనికిరాని ఆయుధానికి చట్టం వర్తించదు. 2020 ఫిబ్రవరిలో కేంద్ర హోంశాఖ పురాతన, అపురూప తుపాకులను దగ్గరుంచుకోవడానికి లైసెన్సు అక్కర్లేదనీ, వాడటానికీ తీసుకెళ్లడానికీ మాత్రం కావాలనీ తెలిపింది. ఇంట్లో ఉన్నది ఆ కోవలోకి వస్తుందని ఎవరికి వారు తీర్మానించుకుని మురిసిపోకూడదు, లిఖితపూర్వకంగా తేల్చుకోవాలి. వందేళ్లు దాటిన వస్తువు 1972 పురావస్తు చట్టం కిందికి కూడా వస్తుంది. అలాంటిదాన్ని విదేశాలకు పంపడం కుదరదు.

రైతుకు మిగిలిన దారి ఒకటుంది. పంట కాపలాకు నిజంగా అవసరమైతే భర్మారుకు లైసెన్సు ఇవ్వవచ్చని చట్టంలోనే ఉంది. శెనక్కాయ చేలోకి అడవిపందుల మంద దిగితే తెల్లారేసరికి చేను దున్నినట్టవుతుందని ఈ సీమలో ఎవరినడిగినా చెబుతారు. అయితే పందిని కాల్చాలంటే వన్యప్రాణి చట్టం అడ్డొస్తుంది. కాబట్టి ఆ తుపాకి ఎక్కువగా చేసేది చప్పుడే. పక్క రాష్ట్రంలో కొడగు వాళ్లకు బ్రిటిషు కాలం నుంచి లైసెన్సు మినహాయింపు ఉంది. కైల్ పొళ్దు పండగనాడు ఇంటి కోవికి పువ్వు పెట్టి పూజిస్తారు. 2021లో కర్ణాటక హైకోర్టు ఆ మినహాయింపును సమర్థించింది. పాలెగాళ్ల సీమకు అలాంటి సడలింపు ఎన్నడూ దక్కలేదు.

సముద్రం అవతల

అమెరికాలో 1968 చట్టం విదేశీ సైనిక తుపాకుల దిగుమతిని ఆపింది. 1980ల్లో అపురూప వస్తువుల కింద సడలింపు వచ్చాక ఇషాపూరు రైఫిళ్లు ఓడల్లో అక్కడికి చేరాయి. యాభై ఏళ్లు దాటిన తుపాకిని సేకర్తల లైసెన్సుతో కొనొచ్చు. 1898లోగా చేసినదైతే పురాతనం కిందే లెక్క. డల్లాసులోనో అట్లాంటాలోనో ఉన్న తెలుగువాడు కనగానపల్లిలో తాకలేని మన 2ఏ1ను అక్కడ బల్ల మీద పెట్టి బేరమాడవచ్చు. 2003లో ఇంతకంటే పెద్ద సంగతి జరిగింది. నేపాల్‌లో లగన్ సిలేఖానా అనే పాత రాజ ఆయుధాగారాన్ని రెండు అమెరికా కంపెనీలు టోకున కొన్నాయి. యాభై వేలకు పైగా తుపాకులు, కంపెనీ కాలపు చెకుముకిరాయి రకాల నుంచి మార్టినీల దాకా దుమ్ముకొట్టుకుని బయటపడ్డాయి. మన ముద్రలున్న తుపాకుల గురించి మంచి పుస్తకాలు ఎక్కువగా విదేశాల వాళ్లే రాశారు, ఎందుకంటే వాళ్ల దగ్గర విప్పి చూడటానికి తుపాకులున్నాయి.

ఎక్కడ చూడాలి

హైదరాబాదులో సాలార్‌జంగ్ మ్యూజియం ఆయుధాల గదిలోనూ, పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర పురావస్తు మ్యూజియంలోనూ, విజయవాడ బాపు మ్యూజియంలోనూ పాత ఆయుధాలు చూడవచ్చు. కత్తులకూ కవచాలకూ దక్కే వెలుతురు తుపాకులకు దక్కదు. అద్దానికి ముక్కు ఆనించి తాళం పలక మీద సింహం ఉందో హృదయం ఉందో వెతుక్కోవాలి. చేతిలోకి తీసుకోవాలంటే ఎన్‌సీసీ డీపీ రైఫిలే గతి. జిల్లా సాయుధ పోలీసుల ఆయుధాగారం తలుపులు విజయదశమి నాడు పూజకు తెరుస్తారు. వరుసగా నిలబెట్టిన రైఫిళ్ల మెడలకు బంతిపూలు వేలాడతాయి. కిరీటమో సింహాలో ఉన్న ఆ మెడభాగం మీదే ఎవరో ఒకరు పసుపు రాసి కుంకుమ బొట్టు పెడతారు. మర్నాడు కానిస్టేబులు నూనెగుడ్డతో ఆ బొట్టు తుడిచి, నంబరు చూసి, పుస్తకంలో టిక్కు పెట్టి మళ్లీ బీరువాలో పెడతాడు.